భూమేశ్ తలకిందులు చేసిన కుర్చీ

కోరుట్ల దగ్గరి పల్లె నుంచి మస్కట్ వైపు ఇబ్రా అనే ఊరికి వచ్చిన వడ్ల భూమేశ్‌కు చెయ్యి ఎంత మంచిదో, నోరు అంతకంటే పెద్దది. రూమ్‌లో నలుగురి మధ్య కూర్చున్నాడంటే కట్టె గురించే మాట్లాడేవాడు. మసీదు తలుపు ఏ కట్టెదో, సూక్ బజారులో అమ్మే పెట్టెలకు అడుగున ఏ నాసిరకం చెక్క వేశారో, పక్క సైట్‌లో పెట్టిన దర్వాజా ఎన్నాళ్ళకు వంకర పోతుందో అన్నీ అతనికి తెలుసు. తెలియకపోయినా చెప్పేవాడు. చెప్పే తీరు ఎంత ధీమాగా ఉండేదంటే, వినేవాళ్ళు నమ్మకపోయినా ముచ్చటపడి వినేవాళ్ళు.

అతను వచ్చింది 1987లో. వీసాలో కార్పెంటర్ అనే ఉంది. ఊళ్ళో వాళ్ళ బాపు నాగళ్ళు, బండి చక్రాలు, దర్వాజాలు చేసిన మనిషి. కొడుక్కి ఊహ తెలిసేసరికే రంపానికి అవతలి కొస పట్టించాడు. అలాంటి భూమేశ్ చేతికి సైట్‌కు వచ్చిన మొదటి రోజే ఫోర్‌మన్ ఒక సుత్తె, మేకుల డబ్బా ఇచ్చి, ప్లైవుడ్ పలకల గుట్ట చూపించాడు. షట్టరింగ్ పని. పలకలు కొట్టి పెట్టెలాగా కడితే అందులో కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక పలకలు పీకేయాలి.

"గిది వడ్లపనా? ఇయ్యాల కొట్టుడు, రేపు పీకుడు" అని అతను రూమ్‌లో మొత్తుకునేవాడు.

"కొట్టినా పీకినా డ్యూటీ డ్యూటీయే గదనే. పండుకో ఇగ" అనేవాడు పక్క మంచం ప్రభాకర్.

పెట్టెలో లుంగీలో చుట్టిపెట్టిన బాపు ఉలి, చిన్న చిత్రిక అలాగే ఉండిపోయాయి. నాలుగేళ్ళు గడిచినా వాటిని బయటికి తీసే పని పడలేదు.

1991 చివర్లో వాళ్ళ కంపెనీకి ఇబ్రాలో ఒక బడి కట్టే పని వచ్చింది. ఆ బడికి ఎదురుగా ఉన్న ఇల్లు నాసర్ అనే ఆయనది. సిమెంటు, ఇనుప చువ్వలు, పెయింట్లు అమ్మే దుకాణం ఉంది ఆయనకు. ఆ ఇంట్లో వంట చేసే గురవమ్మది కడప జిల్లా, రాజంపేట వైపు. భర్త పోయాక ఈ దేశం వచ్చి, ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో పని చేస్తోంది. అరబ్బీ వచ్చు, ఆ ఇంటి ముసలామె దగ్గర స్వాహిలీ భాషలో తిట్లు కూడా నేర్చుకుంది. ఒకరోజు మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే ఆమెకు ఎదురు గోడ మీది నుంచి తెలుగు వినిపించింది.

"ఏ కట్టెనన్న నా ముంగట వెట్టుండ్రి. ముట్టుకోని ఎన్నేండ్లదో చెప్త!"

గురవమ్మ బకెట్ కింద పెట్టి గోడ దగ్గరికి వచ్చింది.

"ఓ అబ్బాయా! నిజంగా చెప్తావా, ఊరికే గొప్పలకు అంటాండావా?"

భూమేశ్ కిందికి చూశాడు. తెల్లటి స్కార్ఫు కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిన ఆమె మాట వినగానే రాయలసీమ మనిషి అని తెలిసిపోయింది.

"వడ్లోన్ని అక్కా. కట్టె నాతోని మాట్లాడ్తది."

"అయితే రా నాయనా. మా ఇంట్లో ఒక కుర్చీ ఉండాది. దాని వయసు తేలక నా ప్రాణం పోతాంది."

ఆమె ప్రాణం పోవడానికి కారణం ఇద్దరు ముసలమ్మలు. ఒకామె నాసర్ తల్లి జువైనా బీబీ. రెండో ఆమె పక్క వీధిలో ఉండే షైఖా బీబీ. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. సముద్రం అవతలి జాంజిబార్ దీవిలో ఒకే ప్రాంగణంలో పుట్టి పెరిగారు, అక్కడే పెళ్ళిళ్ళయ్యాయి. అరవయ్యో దశకంలో అక్కడ గొడవలు జరిగినప్పుడు కుటుంబాలతో సహా తాతల ఊరైన ఇబ్రాకు వచ్చేశారు. రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక షైఖా బీబీ ఈ ఇంటికి వస్తుంది. ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బీ కాఫీ. అసలు చిక్కు ఆ కహ్వాతోనే. మొదటి కప్పు పెద్దవాళ్ళకివ్వాలి. గురవమ్మ కూజా ఎత్తగానే రెండు చేతులు ఒకేసారి ముందుకు వచ్చేవి.

"నేనే పెద్దదాన్ని" అనేది జువైనా బీబీ.

"నువ్వు ఉయ్యాలలో ఉన్నప్పుడు నేను నడుస్తున్నాను" అనేది షైఖా బీబీ.

ఇద్దరి దగ్గరా పుట్టిన తేదీ లేదు. పాస్‌పోర్టుల్లో ఎవరో గుమాస్తా అందాజుగా వేసిన ఒకే సంవత్సరం ఉంది. చివరికి గురవమ్మ రెండు కప్పులూ నింపి, పళ్ళెంలో పక్కపక్కన పెట్టి, ఇద్దరి మధ్యా సమానంగా చాచడం మొదలుపెట్టింది. ఇది ఇంగ్లీషువాళ్ళ పద్ధతని ఇద్దరూ సణిగేవాళ్ళు.

జువైనా బీబీకి ఉన్న ఆధారమల్లా ఆమె కూర్చునే ఊగుడు కుర్చీ. తను పుట్టిన వారంలోనే తండ్రి దాన్ని ఇంటికి తెచ్చాడని, అందులో కూర్చుని ఊగుతూ తల్లి తనకు పాలిచ్చేదని ఆమె చెప్పుకునేది. "ఈ కుర్చీ వయసెంతో నా వయసంతే" అనేది. ఆ మధ్య కుర్చీ కింది వంపు బద్ద ఒకటి పగిలింది. నాసర్ మస్కట్ నుంచి సోఫా తెప్పిస్తానన్నాడు. బీబీ ఒప్పుకోలేదు. బాగుచేసేవాణ్ణి పిలవమంది. పనిలో పనిగా దాని వయసు కూడా తేల్చేవాడైతే మరీ మంచిదంది.

నాసర్ ఫోర్‌మన్‌తో మాట్లాడాడు. శుక్రవారం భూమేశ్ తలకు నూనె పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. వరండాలో ఇద్దరు బీబీలూ తయారుగా ఉన్నారు. జాంజిబార్‌లో గుజరాతీల కొట్ల దగ్గర నేర్చిన హిందీ ఉంది వాళ్ళకు, భూమేశ్‌కు సైట్‌లో నేర్చిన హిందీ ఉంది. పని జరిగిపోయేది.

కుర్చీ నల్లగా నిగనిగలాడుతోంది. పొడుగాటి వీపు, తరిమెన మీద తిప్పి గుండ్రంగా చెక్కిన కాళ్ళు, పేము అల్లిన కూర్చునే చోటు, కింద రెండు వంపు బద్దలు. భూమేశ్ దాని చేతి మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"జిట్రేగి కట్టె. రోజ్‌వుడ్. రెండువందల ఏళ్ళది" అన్నాడు కళ్ళు తెరిచి.

షైఖా బీబీ పకపకా నవ్వింది.

"రెండువందలా? అయితే ఒప్పుకున్నాను జువైనా, నువ్వే పెద్ద! రెండువందల ఏళ్ళదానివి!"

జువైనా బీబీ కూడా నవ్వు ఆపుకోలేక ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాసర్ అటు తిరిగి దగ్గాడు. భూమేశ్ చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ వయసంటే బీబీ వయసని అతనికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ముందు చెప్పొద్దా అక్కా?" అన్నాడు గురవమ్మతో గుసగుసగా.

"చెప్పేలోపలే కండ్లు మూసుకుంటివి కదప్పా!"

అయినా బీబీ అతన్ని పంపించలేదు. పిల్లవాడి ధీమా ఆమెకు నచ్చినట్టుంది. "నోటితో చెప్పావు, ఇప్పుడు చేత్తో చూసి చెప్పు" అంది. కుర్చీని కారు షెడ్డులో పెట్టించింది.

మరుసటి శుక్రవారం భూమేశ్ బాపు ఉలీ చిత్రికా తీసుకుని వచ్చాడు. కుర్చీని తలకిందులు చేసి, పాత దుప్పటి మీద పండబెట్టాడు. ఊరికే అడుగున తడిగుడ్డతో తుడిచాడంతే, మొదటి దెబ్బ తగిలింది. పైన కనిపించే నలుపు కట్టెది కాదు. ఏళ్ళ తరబడి రాసిన నూనె, చేతుల జిడ్డు, ధూపం పొగ. అడుగున ఎవరి చెయ్యీ తగలని చోట కట్టె తేనెరంగులో ఉంది. గోరుతో గీకి వాసన చూశాడు. టేకు. వాళ్ళ ఊళ్ళో ప్రతి దర్వాజాకూ వాడే టేకు.

"రోజ్‌వుడ్ అంటివే?" అంది టీ తెచ్చిన గురవమ్మ.

"రంగు జూసి మోసపోయిన అక్కా. ఎవలకు చెప్పకు."

కూర్చునే చెక్క చుట్టూ పేము దూర్చిన చిల్లులు ఒకదానికొకటి సమానంగా లేవు. చేత్తో తోలిన బరమాతో పెట్టినవి. చెక్క అడుగున రంపం గీతలు తిన్నగా, కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మిషన్ రంపం గుండ్రంగా తిరుగుతూ కోస్తే గీతలు వంపు తిరిగి పడతాయి. ఇవి ఇద్దరు మనుషులు లాగిన రంపం గీతలు. భూమేశ్‌కు ప్రాణం లేచివచ్చింది. ఇదంతా చేత్తో చేసిన పని, పాతదే అనుకున్నాడు. అంతలోనే ఇంకో ఆలోచన తట్టి నీరుగారిపోయాడు. తనూ బాపూ కలిసి పన్నెండేళ్ళ కింద కోసిన దర్వాజా చెక్కల మీద కూడా అచ్చం ఇవే గీతలు ఉంటాయి. చేత్తో చేసినంత మాత్రాన పాతదని చెప్పలేం.

"మా బాపు చేసిన కుర్చీ ఈడ వెడితే నేనే రెండువందల ఏండ్లదంటనేమో" అన్నాడు నవ్వుతూ. గురవమ్మ నవ్వింది. ఈ పిల్లోడు తన మీద తనే జోకులేసుకోగలడని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత కాళ్ళ మీద పడింది అతని చూపు. తిప్పి చెక్కిన కాలికి పైన ఒక గుండు, నడుమ ఒక గుండు, అడుగున ఒక గుండు ఉన్నాయి. అడుగు గుండు సగమే ఉంది. నాలుగు కాళ్ళదీ అంతే. ఏ వడ్రంగీ సగం గుండుతో కాలు ఆపడు. అంటే ఎవరో తర్వాత కాళ్ళను కోసి వంపు బద్దలు తగిలించారు. ఆ బద్దల కట్టె కూడా వేరే. టేకు కాదు, బరువైన ముదురు కట్టె. దాన్ని బిగించిన మేకులు నాలుగు పలకలుగా, చేత్తో సాగగొట్టినవి. పగిలిన బద్ద నుంచి ఒక మేకును మెల్లగా లాగాడు. మేకు తల కింద నూలు చుట్టి ఉంది. అంత నల్లబడిన నూలును గీకితే, ఇన్నేళ్ళ తర్వాత కూడా చేప వాసన వచ్చింది.

భూమేశ్ చాలాసేపు ఆ మేకును చూశాడు.

"ఇది నాకెరుక లేదు అక్కా" అన్నాడు.

"ఆ మాట నీ నోట్లోనించి వచ్చిందా! ఉండు, నాసర్‌ను పిలుస్తా" అంది గురవమ్మ.

నాసర్ ఆ మేకును వెలుతురులో తిప్పి చూసి, "ఇది సముద్రం ఒడ్డు సూర్ ఊరివాళ్ళ పనిలాగా ఉంది. వచ్చేవారం సరుకు దించడానికి అక్కడికి పోతున్నాను. నువ్వూ రా" అన్నాడు.

పికప్‌లో కొండలూ ఇసుకా దాటుకుంటూ ఇద్దరూ సూర్ చేరారు. ఉప్పునీటి ఒడ్డున పడవలు కట్టే చోటు. సగం కట్టిన పెద్ద పడవ ఒకటి పక్కటెముకలు బయటపెట్టుకుని నిలబడి ఉంది. దాని నీడలో చాప మీద మర్‌హూన్ అనే ముసలాయన కూర్చున్నాడు. వయసుడిగి పని మానేసినా రోజూ వచ్చి పడుచువాళ్ళకు తప్పులు పట్టేవాడట. భూమేశ్ చేతిలోని మేకును చూడగానే వాసన చూసి నవ్వాడు. నాసర్ ఆయన మాటల్ని హిందీలోకి మార్చి చెప్పాడు.

"పడవ మేకు. చేపనూనెలో తడిపిన నూలు చుడతాం, నీళ్ళు లోపలికి రాకుండా."

"కుర్చీకి నీళ్ళెక్కడివి?" అన్నాడు భూమేశ్.

"చెయ్యి అలవాటు. పడవ మేకు కొట్టిన చెయ్యి కుర్చీకైనా అట్లాగే కొడుతుంది."

భూమేశ్ పగిలిన బద్ద నుంచి ఊడిన ముక్కను చూపించాడు. ముసలాయన దాని మీది గీతల వెంట వేలు నడిపించాడు. బద్ద వంపు ఎటు తిరిగితే కట్టె లోపలి గీతలూ అటే తిరిగాయి. అది నిటారు చెక్కను వంపుగా కోసింది కాదు, చెట్టు మీదే వంకరగా పెరిగిన కొమ్మ. పడవ పక్కటెముకలకు అలాంటివే ఏరుకుంటారట. బద్ద పక్కన చెక్కముక్కతో పూడ్చిన పాత చిల్లు కూడా ఒకటి చూపించాడు. విప్పేసిన ఏదో పాత పడవ ఎముక నుంచి ఈ బద్ద తీశారన్నాడు. సూర్ పడవలు గాలివాటాన జాంజిబార్ పోయేవి. గాలి మళ్ళేదాకా నెలల తరబడి అక్కడే ఆగేవి. పడవలోని వడ్రంగికి పని ఉండేది కాదు. ఎవరో పెద్దాయన పిలిచి కుర్చీకి బద్దలు వేయమని ఉంటాడు.

"ఏ సంవత్సరం అయ్యుంటుంది?" అని అడిగాడు నాసర్.

"నేను పుట్టకముందు అయ్యుండొచ్చు, పుట్టాక అయ్యుండొచ్చు" అన్నాడు మర్‌హూన్. "నేను ఎప్పుడు పుట్టానో నాకే తెలీదు."

భూమేశ్ పగలబడి నవ్వాడు. అతని నవ్వుకు ముసలాయనకూ నవ్వొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు అదే తరహాలో వంకర తిరిగిన ఒక కట్టెముక్కను ఏరి అతని చేతిలో పెట్టాడు. "తిన్నటి చెక్కతో చేశావంటే మళ్ళీ పగులుతుంది" అన్నాడు.

ఇబ్రాలో ఈ సంగతి వినగానే జువైనా బీబీ ముఖం వెలిగిపోయింది. "చూశావా? కుర్చీ అంతకుముందు నుంచే ఉంది, నేను పుట్టిన వారంలో నాన్న దానికి బద్దలు వేయించాడు. ఊపితే తప్ప నిద్రపోయేదాన్ని కాదని అమ్మ చెప్పేది" అంది. షైఖా బీబీ ఊరుకోలేదు. తను పుట్టిన వారంలో పెద్ద యుద్ధం ముగిసిందని రేవులో ఓడలన్నీ ఫిరంగులు పేల్చాయని, ఆ మోతకు తను గుక్కపట్టి ఏడ్చిందని వాళ్ళమ్మ చెప్పేది. "ఆ ఫిరంగుల నాటికి ఈ జువైనా ఎక్కడుంది?" అంది. "నడుస్తున్నాను. మీ అమ్మ చెవులు నేనే మూశాను" అంది జువైనా బీబీ. పెద్ద యుద్ధం ముగిసింది 1918లో అని నాసర్ చెప్పాడు. ఇక తేలవలసింది ఒక్కటే, కుర్చీకి బద్దలు పడింది ఆ ఫిరంగులకు ముందా తర్వాతా.

ఆ వారం భూమేశ్ పగిలిన బద్దలో మిగిలిన భాగాన్ని కూడా ఊడదీశాడు. కాలి మొన బద్దలో తొలిచిన గుంటలోకి దిగి ఉంది. మిగిలిన మేకుల్ని లాగాక కాలు మెల్లగా పైకి వచ్చింది. గుంట అడుగున ఏదో రాగిరంగులో మెరిసింది. కోసినప్పుడు ఆ కాలు కాస్త పొట్టి అయ్యిందేమో, ఎత్తు సరిచేయడానికి బిళ్ళ ఒకటి వేశారు. ఉలి మొనతో దాన్ని బయటికి తీశాడు. కిరీటం పెట్టుకున్న గడ్డం రాజు. భూమేశ్‌కు ఏం బిళ్ళో తెలియలేదు. నిజాం సిక్కాలు తప్ప వాళ్ళ ఇంట్లో వేరేవి లేవు.

గురవమ్మ చూసీ చూడగానే గుర్తుపట్టింది.

"ఇది కానీ బిళ్ళ! పావు అణా. మా అవ్వ నడుముకు గుడ్డసంచిలో కట్టుకోనుండేది ఇట్టాంటివే. ఇది ఈ ఊరికెట్టా వచ్చినాదిరా నాయనా?"

"అప్పట్ల జాంజిబార్‌ల మన రూపాయలే నడిచేటియట. నాసర్ చెప్పిండు" అంటూ భూమేశ్ బిళ్ళ వెనకవైపు బొటనవేలితో రుద్దాడు. ఇంగ్లీషు అంకెలు కనిపించాయి. 1919.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

భూమేశ్ మళ్ళీ మేకుల చిల్లుల్ని పరీక్షగా చూశాడు. మధ్యలో ఎవరైనా బద్ద విప్పి మళ్ళీ బిగించి ఉంటే చిల్లు వదులై ఉండేది, రెండో మేకు పడి ఉండేది. అలాంటిదేమీ లేదు. నూలు చుట్ట కూడా చెదరలేదు. బద్ద వేసిన రోజునే ఈ బిళ్ళ లోపలికి పోయింది. బిళ్ళ అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి, రాజు గడ్డం వెంట్రుకలు కూడా అరగలేదు. నలుగురి చేతులూ మారకముందే గుంటలో పడిందన్నమాట. 1919కి ముందు మాత్రం పడే వీలే లేదు.

"అంటే షైఖా బీబీ పెద్దది. మన బీబీ చిన్నది" అన్నాడు.

"నోరు ముయ్. బిళ్ళ ఆ గుంతలోనే ఏసి, బంక పోసి బిగించేయ్. ఎవురు చూస్తారు?"

"అట్లెట్ల అక్కా? దొరికింది గద!"

"ఆమె ఆరేండ్లుగా నన్ను కూతురి మాదిరి చూసుకుంటాంది. ఆ ఒక్క మాట మీద బతుకుతాంది ముసిలామె. నీకు నీ గొప్ప కావాల్నా, ఆమె సంతోషం కావాల్నా?"

నిజమే, బిళ్ళ దొరకగానే మొదట భూమేశ్‌కు కలిగింది సంబరం. రూమ్‌కు పోయి ప్రభాకర్‌కు ఎలా చెప్పాలో మనసులో అప్పుడే మాటలు పేర్చుకున్నాడు. ఆ సంబరం ఇప్పుడు చేదుగా అనిపించింది. కానీ బిళ్ళను మళ్ళీ గుంటలో పెట్టి బంక పోయాలంటే చెయ్యి రాలేదు. రెండువందల ఏళ్ళని నోటికొచ్చింది చెప్పినవాణ్ణి బీబీ నవ్వి క్షమించింది, చేత్తో చూసి చెప్పమంది. చూసింది చెప్పకపోతే ఆమె ఇచ్చిన రెండో అవకాశాన్ని కూడా పాడుచేసుకున్నట్టే.

"ఆమెకొక్కదానికే చెప్త. నలుగుర్ల చెప్ప. తర్వాత ఆమె ఇష్టం" అన్నాడు. గురవమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళింది, బీబీని పిలవడానికి.

జువైనా బీబీ షెడ్డులోకి వచ్చి, బోర్లించిన కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుంది. భూమేశ్ బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టి, ఎక్కడ దొరికిందో, ఎందుకు అలా అనుకుంటున్నాడో తన హిందీలో నిదానంగా చెప్పాడు. బిళ్ళను తిప్పి తిప్పి చూసింది బీబీ.

"ఇది కూడా రెండువందల ఏళ్ళలాంటి మాటేనా?"

"కాదు బీబీ. అది కళ్ళు మూసుకుని చెప్పింది. ఇది చూసి చెప్తున్నాను."

ఆమె బిళ్ళ మీదికి తల వంచింది. గురవమ్మ గుమ్మం దగ్గర వేళ్ళు నలుపుకుంటూ నిలబడింది. తర్వాత బీబీ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందేమోనని ఇద్దరూ భయపడ్డారు. నవ్వుతోంది.

"మా నాన్న ఎంత పిసినారో! చెక్కముక్క దొరకలేదా, కానీ బిళ్ళ పెట్టించాడు" అంది. ఆ వెంటనే, "గురవమ్మా, షైఖాను పిలిపించు. కహ్వా నేనే పోస్తాను" అంది.

షైఖా బీబీ వచ్చింది. జువైనా బీబీ కూజా ఎత్తి, మొదటి కప్పు నింపి, రెండు చేతులతో ఆమెకందించింది. ఇన్నేళ్ళుగా కోరుకున్న కప్పు చేతికి వచ్చేసరికి షైఖా బీబీ తాగలేదు. అనుమానంగా కప్పులోకి చూసింది.

"ఏమిటి ఇందులో?"

"కహ్వానే. నువ్వు పెద్దదానివి. తాగు."

నాసర్ బిళ్ళను చూపించి సంగతి చెప్పాడు. షైఖా బీబీ ముఖం చేటంత అయింది. సరిగ్గా అప్పుడే నాసర్, ఎవరూ అడగకుండానే, వేళ్ళ మీద లెక్కకట్టి, "అంటే పెద్దమ్మా, నీకిప్పుడు డెబ్భై మూడు నిండాయి" అన్నాడు.

"ఎన్ని?"

వీధిలో అందరికీ ఆమె తన వయసు అరవై అయిదని చెప్పుకుంటోంది. జువైనా బీబీ చప్పున లేచి దిండు తెచ్చి ఆమె వీపుకు పెట్టింది.

"మెల్లగా ఆనుకో అక్కా. ఈ వయసులో వెన్ను జాగ్రత్త" అంది.

ఆ రోజు నుంచి షైఖా బీబీకి సుఖం లేకుండా పోయింది. మెట్టు కనిపిస్తే చాలు జువైనా బీబీ "అక్కా, చెయ్యి పట్టుకో" అనేది. బుధవారం ఆడవాళ్ళ బజారులో బట్టల అమ్మకందార్లందరి ముందూ "మా అక్కకు చూపు ఆనదు, వెలుతురులోకి తెచ్చి చూపించండి" అనేది. ఈద్ రోజున చిన్నపిల్లలా చెయ్యి చాచి, "అక్కా, నా ఈదీ?" అని అడిగి కొత్త స్కార్ఫు పుచ్చుకుంది. రంజాన్ తర్వాత షైఖా బీబీ తిరగబడింది. ఆ ఫిరంగులు యుద్ధానివి కాకపోవచ్చునని, వేరే ఏదో పండగవేమోనని, తను జువైనా కంటే చిన్నదయినా అయ్యుండవచ్చునని వాదించడం మొదలుపెట్టింది. గురవమ్మ మళ్ళీ పళ్ళెంలో రెండు కప్పులూ పక్కపక్కన పెట్టి చాచసాగింది. ఈసారి ఎవరూ ముందుగా చెయ్యి చాచేవారు కాదు, కహ్వా చల్లారిపోయేది.

సూర్ నుంచి తెచ్చిన వంకర కట్టెతో భూమేశ్ కొత్త బద్ద చేశాడు. నాలుగేళ్ళ తర్వాత చిత్రిక నుంచి చుట్టలు చుట్టలుగా రాలిన పొట్టును చూసుకుని, ఒక గుప్పెడు జేబులో వేసుకుని రూమ్‌కు పోయి ప్రభాకర్ ముక్కు దగ్గర పెట్టాడు. "గిది వడ్లపని" అన్నాడు.

నాసర్ దుకాణానికి వచ్చేవాళ్ళందరికీ కుర్చీ కథ చెప్పేవాడు. దాంతో ఇబ్రాలో, చుట్టుపక్కల ఊళ్ళలో అటకల మీద పడి ఉన్నవి కిందికి దిగాయి. ఇత్తడి మేకుల పెట్టెలు, విరిగిన తలుపు రెక్కలు, తొట్టెలు. ఏడాది తిరిగేసరికి బడి కట్టడం పూర్తయింది. నాసర్ కంపెనీతో మాట్లాడి భూమేశ్ వీసాను తన పేరుకు మార్పించుకున్నాడు. దుకాణం వెనక రేకుల షెడ్డులో పని పెట్టించాడు. సమాయిల్ నుంచి ఒకాయన తాతల నాటి తలుపు కోసం పిలిచాడు. అక్కడ వారం రోజులుండి వచ్చిన భూమేశ్ బరువు పెరిగాడు, తోటలోని ఖర్జూరాలు తిని.

నోరు మాత్రం అతనికి పూర్తిగా తగ్గలేదు. కాకపోతే కళ్ళు మూసుకునే అలవాటు పోయింది. ఎవరు ఏం తెచ్చినా ముందు బోర్లించేవాడు. 1995లో గురవమ్మ కూతురికి పురుడు పోయడానికని ఊరికి వెళ్ళిపోతూ, జువైనా బీబీ ఇచ్చిన ధూపం డబ్బా చూపించి, "ఇది ఎన్నేండ్లది చెప్పు చూద్దాం" అంది. భూమేశ్ దాన్ని తిప్పి అడుగు చూసి, "మస్కట్‌ల పోయిన నెల కొన్నది. ధర చీటి పీకలే" అన్నాడు. ఇద్దరూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆమె జాగాలో వచ్చిన వంటామె కేరళావిడ. భూమేశ్‌కు తెలుగులో తిట్టేవాళ్ళు లేక కొన్నాళ్ళు ఏమీ తోచలేదు.

తర్వాత రెండేళ్ళకు, అతను ఊళ్ళోనే ఉండిపోయిన భార్య రాజేశ్వరి దగ్గరికి ఇక తిరిగి వెళ్ళిపోదామని అనుకుంటున్న రోజుల్లో, ఖబూరా నుంచి ఒక చేపలాయన పికప్‌లో పెద్ద పెట్టె వేసుకుని వచ్చాడు. కూతురి పెళ్ళికి కొన్నాడట. జాంజిబార్ పెట్టె, నూరేళ్ళదని చెప్పి అమ్మారట. ఆయన చెయ్యి గర్వంగా మూత మీద ఆనించి ఉంది.

భూమేశ్ పెట్టెను బోర్లించాడు. అడుగు చెక్క నిండా మిషన్ రంపం వంపు గీతలు. మూలల్లో ప్లస్ గుర్తు తలల మరలు. నలుపు రంగు గోరుతో గీకితే లేచి వచ్చింది. చేపలాయన అతని ముఖం వైపే చూస్తున్నాడు.

"పాతదేనా?"

"కాదు" అన్నాడు భూమేశ్. "నిరుడో మొన్నో చేశారు. కానీ చేసినవాడు చెయ్యి తిరిగినవాడు. కట్టె మంచిది, మూలలు గట్టిగా కలిపాడు. నీ కూతురి మనవరాలు పెళ్ళి చేసుకునేనాటికి ఇది నిజంగానే పాతదవుతుంది."

చేపలాయన తల గోక్కున్నాడు. ఆ లెక్క ఏదో వేసుకున్నట్టుంది, కాసేపటికి నవ్వాడు. పికప్ ముందు సీట్లోంచి మంచులో పెట్టిన పెద్ద చేపను తీసి భూమేశ్ చేతిలో పెట్టాడు. "ఇది మాత్రం పొద్దున పట్టిందే. కావాలంటే దీన్నీ బోర్లించి చూసుకో" అన్నాడు.

ఆ మధ్యాహ్నం షెడ్డు వెనక స్టవ్ మీద చేప వండి, అన్నం వార్చి, ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. పెట్టె మూలల్లోని ప్లస్ మరలు తీసేసి ఇత్తడి మేకులు కొట్టి ఇమ్మని చేపలాయన అడిగాడు. భూమేశ్ సరేనని, చెయ్యి కడుక్కుని సుత్తె అందుకున్నాడు.